నగరిలో ఇద్దరు నాగరత్నమ్మలు

లీలావతికి మెలకువ వచ్చేసరికి వీధిలో మగ్గాల చప్పుడు లేదు. కరెంటు పోయిందేమోనని పైకి చూసింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది! నగరిలో పవర్‌లూములున్న వీధిలో తెల్లారాక ఆ చప్పుడు ఆగిందంటే కరెంటైనా పోయి ఉండాలి, మనిషైనా పోయి ఉండాలి. ఎవరు పోయారో కనుక్కుందామని బయటికి వచ్చింది.

అత్త నాగరత్నమ్మ తిన్నె మీద కూర్చుని ఉంది. తలస్నానం చేసింది. పెళ్లిళ్లకు కట్టే పట్టుచీర కట్టింది. ఒళ్లో దినపత్రిక పరుచుకుంది. కోడల్ని చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"ఏమ్మే లీలా, ఇట్ల రా! నా మొగం ఎంత బాగా పడిందో సూడు! అచ్చరాలు నాకు రాకపాయ. ఏం రాసినారో సదువు."

లీలావతి ఆ పత్రికకే ఫొటోలు తీస్తుంది. పెళ్లయిన కొత్తలో బజారు స్టూడియోలో నేర్చుకున్న పని అది. కొండకు నిప్పంటుకుంటే నీళ్ల సీసా ఒకటి సంచిలో వేసుకుని ఆమే ఎక్కాలి. వాన పడి వాగు రోడ్డు మీదికి వస్తే మోకాటి లోతులో ఆమే నిలబడాలి. చిన్న మీటింగైనా సరే, వెనకాల కొండ కనపడేట్టు తియ్యమంటారు ఆఫీసులో. అప్పుడే అది నగరి అని చదివేవాళ్లకు తెలుస్తుందట. మొన్న మగ్గాల ఆడవాళ్ల మీద ఒక వార్త కోసం, నూలు కండెలు చుడుతున్న అత్తను తీసింది. అత్త రోజూ అడుగుతోంది, ఎప్పుడు పడుతుందని.

పడింది. కానీ ఆ ఫొటో పక్కన ఉన్న అక్షరాలు వేరు... 'విశ్రాంత నర్సు నాగరత్నమ్మ మృతి. నేడు అంత్యక్రియలు.'

లీలావతి ఆ అక్షరాలు మళ్లీ చదివింది. నిన్న సాయంత్రం కొండ కింది వీధిలో నర్సు నాగరత్నమ్మ చనిపోతే, గోడకున్న ఆమె పటాన్ని మసక వెలుతురులో గబగబా ఫొటో తీసి పంపింది. దానికీ 'నాగరత్నమ్మ, నగరి' అనే పేరు పెట్టింది. అత్త ఫొటోకూ అదే పేరు పెట్టి ఉంది! ఆఫీసులో వాళ్లకు ఒకే పేరుతో ఇద్దరు దొరికారు. వాళ్లలో ఒకరి ముఖం అచ్చు వేశారు.

"సదవవేమ్మే?" అంది అత్త.

ఆ ప్రశ్నకు జవాబు వీధి మలుపు నుంచి వచ్చింది. "అక్కా... నాగరత్నక్కా! ఎంత పని జరిగిపాయ అక్కా!" గుండెలు బాదుకుంటూ పక్కింటి వరదమ్మ పరుగెత్తుకొచ్చింది. చేతిలో రోజాపూల దండ ఉంది. తిన్నె మీద పట్టుచీరతో కూర్చున్న మనిషిని చూసి నిలబడిపోయింది.

"ఎవరికే వరదమ్మా, ఆ దండ?"

"నీకే అక్కా..." అనేసింది వరదమ్మ. అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి!

"నా కొడుకు తెచ్చిన కోడలు బతికుండంగానే నన్ను పాడె ఎక్కించింది! మొగం తీస్తానత్తా అంటే సిలక మాదిరి కూర్చుంటిని గదరా... నా సావుకు తీస్తా ఉండాదని తెలీకపాయ గదరా!" అని నాగరత్నమ్మ తల బాదుకుంది. తలకు నూనె పెట్టుకుని కూర్చున్నది, చీర కుచ్చిళ్లు సర్దుకున్నది, ఈ ముసలి మొగం నాలుగు ఊళ్లు చూస్తాయని నాలుగు రోజులు నిద్రపోనిది... ఒక్కొక్కటీ గుర్తు చేసుకుని ఏడ్చింది. లీలావతి అత్త కాళ్ల దగ్గర కూర్చుంది. కాళ్లు పట్టుకోబోతే అత్త వెనక్కి లాక్కుంది.

"సచ్చినారని పుకారొస్తే ఆయుసు పెరగతాదంటారక్కా," అంది వరదమ్మ, ఓదార్పుగా.

"ఇంకా పెరిగి ఏం జెయ్యాలే? ఉన్న ఆయుసుకే మోకాళ్లు పన్జెయ్యడం లేదు!"

దండలు వస్తూనే ఉన్నాయి. వచ్చిన ప్రతి ఒక్కరికీ లీలావతే ఎదురెళ్లి జరిగింది చెప్పింది. కొందరు నవ్వారు. కొందరు తిట్టారు. ఒకాయన దండ వెనక్కి తీసుకుపోవడం అశుభమని గుమ్మం పక్కనే పెట్టి పోయాడు. అది చూసి మిగతావాళ్లూ అక్కడే పెట్టారు.

భర్త గుణశేఖర్ మగ్గం గదిలోంచి బయటికి వచ్చాడు. "చాల్లే లీలా. ఆ కెమెరా ఈ పూటే ఆఫీసులో ఇచ్చేసి రా. మగ్గాలుండాయి, కండెలుండాయి. అంతకన్నా మనకేం కావాల?"

"ఇచ్చేదా లేదా అనేది తర్వాత మాట్లాడదాం. ముందు ఆ నర్సమ్మ ఇంటికి పోవాల. వాళ్ల అమ్మ మొగం పడాల్సిన సోట మనమ్మ మొగం పడింది. వాళ్లకేం జెప్పాల?"

అంతలో ఆఫీసు నుంచి ఫోన్. పేజీలు చూసే తులసీరాం. "అమ్మా, కంగారుపడొద్దు. బంధువులు ఇచ్చిన ఫొటో తప్పు అని రేపు సవరణ వేసేద్దాం. వాళ్లకు కూడా ఫోన్‌లో అదే చెప్పాను. నీకూ మాకూ గొడవ ఉండదు."

"వాళ్లిచ్చిన పటం సరైందే సార్. రెండు ఫొటోలకూ ఒకే పేరు పెట్టింది నేను. నా తప్పని వెయ్యండి."

"అట్లా వేస్తే పైవాళ్లు ఊరుకోరు. రేపటి నుంచి నీకు పని ఉంటుందో లేదో నేను చెప్పలేను."

"తల్లి పోయి ఏడుస్తా ఉండే ఇంటి మీదికి నా తప్పు నెట్టలేను సార్. నా పేరే వెయ్యండి."

ఫోన్ పెట్టేసి కెమెరా సంచి భుజాన వేసుకుంది. లోపలి నుంచి అత్త గొంతు వచ్చింది.

"ఆ కెమెరాతో గడప దాటినావంటే మళ్లా ఈ ఇంట్లోకి రావద్దు!"

గుణశేఖర్ తల దించుకున్నాడు. ఆ మాట ఈ ఇంట్లో కొత్త కాదు. ఆరేళ్ల కిందట అతని చెల్లెలు హేమశ్రీ, సూళ్లూరుపేట దగ్గర కంపెనీలో తనతో పనిచేసే వేరే కులం అబ్బాయిని పెళ్లి చేసుకుని వచ్చినప్పుడు నాగరత్నమ్మ ఇదే గుమ్మంలో నిలబడి అంది. ఇంట్లోకి రావద్దంది. అక్కడితో ఆగలేదు... నా చావుకు కూడా రావద్దంది! ఆ రోజు పోయిన పిల్ల మళ్లీ రాలేదు. ఆ పేరు ఎత్తితే నాగరత్నమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయేది.

లీలావతి కళ్లు తుడుచుకుంది. "తిట్టుకో అత్తా. పోయి వస్తాను," అని గడప దాటింది.

అప్పుడే వీధిలో ఆటో ఆగింది.

దిగింది హేమశ్రీ! జుట్టు రేగి ఉంది. చంకలో నాలుగేళ్ల పాప. పొద్దున్నే ఎవరో పత్రిక ముక్కను ఫోన్‌లో పంపారు. అన్నకు ఫోన్ చేసింది. గుణశేఖర్ ఆ నంబరు ఎప్పుడో బ్లాక్ చేసి ఉన్నాడు. ఉన్నపళంగా బయల్దేరింది. ఇప్పుడు గుమ్మం పక్కన దండల కుప్ప, చుట్టూ జనం చూసింది. ఇక అనుమానం ఏముంది? వీధి మధ్యలో నిలబడిపోయి గొంతెత్తి ఏడ్చింది.

"హేమా! అది కాదు..." అంటూ లీలావతి పరుగెత్తింది.

"నేను లోపలికి రాను వదినా! సావుకు కూడా రావద్దన్నాది అమ్మ. ఆ మాట దాటను. బయటికి తెచ్చేటప్పుడు... ఈణ్నించే ఒక్కసారి మొగం సూసుకుని పోతాను వదినా! అంతే... అడ్డం జెప్పొద్దు!"

లోపల మంచం కిర్రుమంది. నాగరత్నమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఒక చేత్తో తలుపు చెక్క పట్టుకుంది. కూతురు చూసింది. ఏడుపు సగంలో ఆగిపోయింది.

"మా!"

"సచ్చినానంటేనే వస్తావా నువ్వు?"

"బతికుంటే రానియ్యవు గదా మా..."

నాగరత్నమ్మ తలుపు చెక్క వదిలింది. చెప్పుల్లేని కాళ్లతో మెట్లు దిగి వచ్చింది. కూతురిని కాదు, ముందు పాపను చంకలోంచి అందుకుంది.

"అవ్వ సచ్చిపోలేదా మా?" అని అడిగింది పాప.

"ఎండలో నిలబెట్టినావే బిడ్డను! లోపలికి రా," అంది నాగరత్నమ్మ.

హేమశ్రీ గుమ్మం దాకా వచ్చింది. గడప దగ్గర కాలు ఆగింది. "నువ్వు అన్న మాట..."

"ఆ మాటన్న నాగరత్నమ్మ పొద్దున్నే పాయ. పేపర్లో కూడా యేసినారు! లోపలికి రామ్మా... రా తల్లీ!"

అప్పుడు కూతురిని పట్టుకుంది. ఆరేళ్లుగా లోపల పెట్టుకున్నదంతా వెళ్లబోసుకుంటూ ఇద్దరూ గడప మీదే కూలబడి ఏడ్చారు. వరదమ్మ ఏడ్చింది. గుణశేఖర్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. లీలావతి చెయ్యి సంచి మీదికి పోలేదు. అది తీయవలసిన ఫొటో కాదని ఆమెకు తెలుసు. తీయవలసింది ఇంకొకటి ఉంది. వెనక్కి తిరిగి నడిచింది.

"ఏమ్మే! యాడికి?" అత్త కేక.

"నర్సమ్మ ఇంటికత్తా. ఆమెను తీసకపోయే లోపల పోవాల."

"ఉండు. సీర మార్చుకుని నేనూ వస్తాను. పట్టుసీరతో సావింటికి యాడ పోయేది?"

కొండ కింది వీధిలో నర్సు కొడుకు గోవిందస్వామి పందిరి గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. లీలావతిని చూడగానే అతని కళ్లు ఎర్రబడ్డాయి.

"ఊర్లో సగం మందికి పురుడు పోసింది మా అమ్మ. బతికుండగా ఒక్క పొద్దు కూడా పేపర్లో పడలేదు. పడాల్సిన ఒక్క పొద్దు ఇంకొకరి మొగమా? పైగా మేమిచ్చిన పటమే తప్పని ఫోన్ జేసి చెప్తారా?"

"మీరిచ్చింది సరైందే అన్నా. రెండు ఫొటోలకూ ఒకే పేరు పెట్టి తప్పు జేసింది నేను. రేపు అదే వెయ్యమన్నాను. మీ కాళ్లు పట్టుకుంటాను..."

"నువ్వెందుకు పట్టుకుంటావు?" అని నాగరత్నమ్మ ముందుకు వచ్చింది. "నాయనా, పేపర్లో మొగం నాదే. తిట్టేదుంటే నన్ను కూడా తిట్టు. కానీ ఒక మాట విను. ఆరేండ్లుగా రాని నా బిడ్డ మీ అమ్మ సావు వార్త సూసి, నేను పోయినాననుకుని ఇల్లు చేరింది. ఆ బిడ్డ పుట్టినప్పుడు తీసి నా చేతిలో పెట్టింది మీ అమ్మే. ఈ పొద్దు మళ్లా పెట్టింది నాయనా... పోతా పోతా మళ్లా పెట్టింది!"

శవం దగ్గర కూర్చుని రెండు చేతులూ జోడించింది. గోవిందస్వామి లోపలికి వెళ్లి గోడ మీద పటం దించి తెచ్చాడు. దాని అద్దం తుడిచి లీలావతికి ఇచ్చాడు.

"మా అమ్మకు ఇదొక్కటే ఉండాది. సక్కగా తియ్యమ్మా."

"ఇంటిపేరు కూడా చెప్పన్నా. రాసుకుంటాను."

పటాన్ని పందిరి కింద కుర్చీలో నిలబెట్టింది. పందిరి ఆకుల సందుల్లోంచి ఎండ వచ్చి అద్దం మీద పడుతోంది. కెమెరాలోంచి చూస్తే నర్సమ్మ కళ్లు ఉండాల్సిన చోట తెల్లటి మెరుపు. కుర్చీ అటు జరిపింది, ఇటు జరిపింది. మెరుపు పోలేదు. రేపు పని ఉంటుందో లేదో ఆమెకు తెలియదు. ఈ పని మాత్రం సరిగ్గా చేసి తీరాలి.

కెమెరాలో మెరుపు చటుక్కున ఆరిపోయింది. నర్సమ్మ కళ్లు కనిపించాయి.

లీలావతి తలెత్తింది. అత్త కుర్చీ పక్కన నిలబడి, కొంగు రెండు చేతులా చాపి ఎండకు అడ్డం పట్టుకుని ఉంది.

"సాలునా? ఇంకా పైకి పట్టాల్నా?"

"కొంచెం ఎడమకు అత్తా... ఆఁ, అంతే. కదలొద్దు."

నాగరత్నమ్మ కదలలేదు.