తువ్వాలు కింద చెయ్యి

రేయ్, దమ్ముంటే నమ్ము. తర్వాత నిద్ర పట్టట్లేదని నాకు మెసేజ్ పెట్టావో... చంపేస్తా.

పాత హోల్‌సేల్ మార్కెట్‌లో చివరి షెడ్డు, ఉల్లిపాయలది. చీకటి పడ్డాక అక్కడ తువ్వాలు కింద చెయ్యి పెట్టకూడదంటారు. పెడితే... ఎవరో పట్టుకుంటారంట!

అక్కడ బేరం నోటితో కాదు. పక్కోడికి తెలీకుండా తువ్వాలు కప్పి, కొనేవాడు అమ్మేవాడి అరచేతిలో వేళ్లు ఆనిస్తాడు. ఎన్ని వేళ్లో అంత రేటు. నచ్చితే అమ్మేవాడు ఆ చెయ్యి గట్టిగా నొక్కుతాడు — సరుకు అమ్మేసినట్టే.

మా పెద్దనాన్న అక్కడ ఉల్లి వ్యాపారి. ఈ చెయ్యి కథ పుట్టించింది ఎదురు అరుగు బట్టతలాయనే అని ఆయన డౌటు. "వాడి కడుపుమంటరా! నా దగ్గరికి బేరాలు రాకూడదని" అనేవాడు.

ఇది జరిగిన రాత్రే ఆ షెడ్డుకి ఆఖరు. పక్కనే కొత్త మార్కెట్ కట్టారుగా... స్క్రీన్ల మీద వేలం, కోల్డ్ రూములు, అబ్బో! కొనేవాళ్లంతా అటే చెక్కేశారు. పాత సరుకు అందులోకి రానివ్వరు. తెల్లారితే ఇక్కడికి బుల్డోజర్. పెద్దనాన్న బస్తాలేమో గుట్టగా అలాగే ఉన్నాయి. అమ్ముడుపోకపోతే చెత్తలారీకే... మనిషి మునిగినట్టే.

కరెంటు కూడా పీకేశారు. ఆయన మొండిగా చేతి మీద తువ్వాలు కప్పుకుని అరుగు మీదే కూర్చున్నాడు.

అప్పుడు... తువ్వాలు కిందకి ఓ చెయ్యి దూరింది.

చల్లగా. తడిగా.

"వచ్చావా బట్టతలా," అన్నాడు గుసగుసగా. "భయపెట్టి చవగ్గా కొట్టేద్దామనా? రేటు చెప్పు."

ఒక వేలు ఆనింది.

"ఛీ, పో."

రెండు... మూడు...

"ఊఁ, ఇంకా."

నాలుగు. అయిదు. హమ్మయ్య, గట్టెక్కినట్టే —

ఇంతలో గేటు దగ్గర టార్చి వెలిగింది. "ఎవరితో బావా గుసగుసలు? టీ తెచ్చా, తాగు."

బట్టతలాయన! ఒక చేతిలో టార్చి, ఒక చేతిలో గ్లాసు.

పెద్దనాన్న ఆ రెండు చేతులకేసి చూశాడు, తర్వాత తువ్వాలుకేసి చూశాడు. తువ్వాలు కింద... ఆరో వేలు ఆనింది. మెల్లగా ఏడోది...

ఎన్నేళ్ల అలవాటో! రేటు పెరిగేసరికి ఆయన చెయ్యి దానంతటదే గట్టిగా నొక్కేసింది.

వెనక గుట్ట మీంచి ఒక బస్తా... మోసేవాడు లేకుండా... పైకి లేచింది. దాని వెనకే ఇంకో —

అబ్బా, అమ్మ పిలుస్తోంది. వస్తున్నానే!!