జవాబు రాని పర్సనల్ మెయిల్

సోమవారం నుంచి శుక్రవారం దాకా యుగంధర్ చేసిన పని ఒక్కటే. జేబులోంచి ఫోన్ తీయడం, ముఖం మాడ్చుకోవడం, మళ్లీ జేబులో పెట్టుకోవడం.

ఫోన్లో రెండు మెయిల్ ఎకౌంట్లున్నాయి. ఆఫీసుది క్షణం ఊరుకోదు. పర్సనల్‌ది చప్పుడు చేస్తే ఒట్టు.

ఆఫీసు మెయిల్లో సుహాసిని రోజుకి నాలుగుసార్లు పలకరిస్తూనే ఉంది. "కోల్డ్ రూమ్ రెండు, మైనస్ పందొమ్మిది. రిగార్డ్స్, సుహాసిని, ల్యాబ్." భోగాపురం దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో అతను సూపర్‌వైజర్, ఆమె ల్యాబ్ టెక్నీషియన్. ఏడాదిగా ఒకటే షిఫ్టు, ఒకటే టీ బడ్డీ. దెబ్బలాడుకోని రోజు లేదు.

పోయిన ఆదివారం ఆమె పర్సనల్ మెయిల్‌కి అతను గుండె చిక్కబట్టుకుని రాశాడు. "గుజరాత్ యూనిట్‌కి ట్రాన్స్‌ఫర్ ఇచ్చారు. శుక్రవారం పన్నెండులోగా ఔనో కాదో చెప్పాలి. నువ్వంటే నాకిష్టం. నువ్వు ఉండమంటే ఉండిపోతాను. ఒక్క మాట రాయి."

ఆఫీసు మెయిలైతే మేనేజర్ రమేష్‌బాబు కూడా చూస్తాడు. వాట్సాప్‌లో పెడితే నీలం టిక్కులు లెక్కపెట్టుకుంటూ చావాలి. ఇక నోటితో చెప్పే ధైర్యమా, సొంతూరు పాతపట్నంలో బస్సెక్కేటప్పుడే దాన్ని ఇంట్లో మరిచిపోయి వచ్చాడు.

ఆమె చేతిలో మాత్రం ఎప్పుడూ ఫోన్ ఉంటోంది. అతని కళ్లముందే దాని మీద వేళ్లు ఆడిస్తూ తిరుగుతోంది.

బుధవారం ఉండబట్టలేక అడిగేశాడు.

"మెయిల్ సూసేవా?"

"ఏ మెయిలు? ఐసుదా? జవాబు పెట్టీసేను కదా" అంది, తలెత్తకుండా.

చూసి కూడా చూడనట్టు నటిస్తోందనుకున్నాడు. ఇంకో మాట అడగడానికి మనసు రాలేదు.

శుక్రవారం పొద్దున్నుంచీ ముసురు. పదకొండూ యాభైకి 'అంగీకరిస్తున్నాను' అని ఆఫీసు మెయిల్ కొట్టేశాడు. అదేం చిత్రమో, దానికి మాత్రం జవాబు అయిదు నిమిషాల్లో వచ్చింది. పన్నెండయ్యేసరికి రమేష్‌బాబు అభినందనలు స్టాఫందరి ఫోన్లలోనూ మోగాయి.

యుగంధర్ టీ బడ్డీ దగ్గరికి వెళ్లి ఒంటరిగా కూర్చున్నాడు. తల మీద టోపీ, చేతులకి గ్లౌజులు తీయకుండానే సుహాసిని వానలో పరిగెత్తుకొచ్చింది.

"ఏటిది? గుజరాతా? నాకో మాట సెప్పక్కర్లేదేటి?"

"ఆదివారమే సెప్పేను. అయిదు రోజులు సూసేను. ఇష్టం లేపోతే లేదని రాయొచ్చు కదా!"

"ఎక్కడ సెప్పేవు?"

"నీ పర్సనల్ మెయిల్లో."

ఆమె బల్ల మీద కూలబడింది.

"నా ఫోను నా దగ్గిర లేదు. నాన్నది తడిసిపోతే, బోటులో దారి సూసుకోడానికి నాదిచ్చీసేను. శనివారం ఇశాపట్నం నుంచి సేపల ఏటకెళ్లేడు. ఇంకా రాలేదు. ఇది ల్యాబ్ ఫోను. ఆఫీసు మెయిల్ తప్పితే ఏటీ తెరుసుకోదు."

యుగంధర్ జేబులోంచి ఫోన్ తీశాడు. ఆ మెయిల్ తెరిచి తన ఫోన్ ఆమె చేతికిచ్చాడు. ఆమె గ్లౌజు ఊడబెరికి రెండుసార్లు చదివింది.

"ఎనక్కి తీసుకోలేవా?"

"లేను. ఆ జవాబులోనే నా జాగాలోకి ఇంకొకాయన్ని ఏసీసేరు. రెండేళ్లు తప్పదు."

"ఉండమనీదాన్నే, ఎర్రిమొకమా! ఎదురుగా ఉన్న మనిషికి సముద్రంలోకి ఉత్తరం రాస్తావేటి?"

ఆ మొదటి మాట కోసమే అతను అయిదు రోజులు చచ్చి బతికాడు. తీరా విన్నాక ఏడుపొక్కటే తక్కువైంది. చేజేతులా చేసుకున్నాడు, ఎవరినని తిట్టుకుంటాడు?

రేకుల మీద వాన కురుస్తూనే ఉంది.

"ఏటకెళ్లీ మనిషిని మాయిళ్లల్లో ఎప్పుడొస్తావని అడగరు, కీడంటారు" అంది చివరికి. "మాయమ్మ పాతికేళ్లలో ఒక్కసారి అడగలేదు. నేను అడుగుతన్నాను. ఎప్పుడొస్తావు?"

"సెలవు దొరగ్గానే..."

"సెలవు కాదు. తేదీ సెప్పు."

యుగంధర్ మనసులోనే నెలలు లెక్కపెట్టుకున్నాడు.

"డిసెంబరు పద్దెనిమిది. ఆరోజు ఏటకెళ్లొద్దని మీ నాన్నకి సెప్పు. ఆయన ఎదురుగా నిలబడి నిన్నిమ్మని అడుగుతాను."

సుహాసిని ఏడుస్తూనే తలూపింది.