ఈతలంక దాటిన పేరు

ఈతలంక యాకోబు చేసిన పని పగవాడు కూడా చేయడని కొండయ్య పదేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. పరాయివాడు కాదు, తోడబుట్టిన తమ్ముడు. తండ్రి పోయిన ఏడు కొండయ్య ఆరో తరగతి మానేసి, కొబ్బరికాయలు ఒలిచే పనికి వెళ్ళి, చేతులు పుళ్ళు పడేలా కష్టపడి పెంచిన తమ్ముడు. బైబిల్లో అన్న హక్కు కాజేసిన తమ్ముడి పేరు వాడికి పెట్టేటప్పుడే నాన్న కాస్త ఆలోచించుకోవలసింది అనుకుంటూ, ఆ శుక్రవారం పొద్దున కూడా మస్కట్‌లోని అజైబాలో రెండు గదుల ఇంట్లో అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకున్నాడు.

మస్కట్ వచ్చిన ఆరో ఏట, సొంతూరు ఈతలంకలో కాలవ కింద భూమి బేరానికొచ్చింది. ఏసీలు బాగుచేసే కంపెనీలో ఉద్యోగం. రిజిస్ట్రేషన్‌కి వెళ్ళడానికి లీవు దొరకలేదు. డబ్బు పంపి, ప్రస్తుతానికి నీ పేర రాయించెయ్యి, నేనొచ్చాక మార్చుకుందాం అని తమ్ముడికి కబురు చేశాడు. గల్ఫులో ఉన్నవాళ్ళు ఇంటికొకరు చేసిన పొరపాటే అది. రెండేళ్ళకి ఊరెళ్తే యాకోబు కొబ్బరిబోండాం కొట్టి చేతికిచ్చి, ఎంతో నెమ్మదిగా చెప్పాడు.

"నీకు ఆడపిల్ల ఒక్కత్తే గదా అన్నయ్యా. దానికి పెళ్ళయితే ఈతలంక అన్న పేరు నీతో ఆగిపోద్ది. నా కొడుకులే ఆ పేరు మోత్తారు. పేరు మోసేవోళ్ళదే భూమి."

భూమి పోవడం ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. భూమి ఎంత అని ఎవరడిగినా కొండయ్య చెప్పేవాడు కాదు.

అతనికున్న రెండో కోపం పాస్‌పోర్టు మీద. అందులో ఇంటిపేరు ముందు పడటంతో కంపెనీలో అతన్ని కొండయ్య అని పిలిచినవాడే లేడు. ఫోర్‌మన్ నుంచి స్టోరు కీపరు దాకా అందరికీ అతను ఈతలంకే. కన్నవాళ్ళు పెట్టిన పేరు కూడా దక్కలేదని అప్పుడప్పుడూ భార్య దగ్గర విసుక్కునేవాడు.

భార్య కృపాబాయి ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆ పొద్దున ఆమె శుక్రవారం సెలవని ఆ రోజే జరిగే చర్చి ఆరాధనకి కట్టుకెళ్ళే చీర ఇస్త్రీ చేసుకుంటూ, మెల్లగా అసలు సంగతి కదిపింది. కూతురు సెలిన్ అల్ మవాలేలో ఒక క్లినిక్కులో ల్యాబ్ పని చేస్తోంది. అక్కడే ఎక్స్‌రే తీసే ప్రీతమ్ నెవిల్‌ని పెళ్ళి చేసుకుంటానని మూడు నెలల కిందట చెప్పింది. ప్రీతమ్ తండ్రి హెర్బర్ట్ నెవిల్ వాల్తేరులో రైలింజను నడిపి రిటైరైనవాడు, విజిట్ వీసా మీద వచ్చాడు. ప్రార్థన అయ్యాక అందరినీ ఖురియాత్ అనే జాలరుల ఊరికి తీసుకెళ్ళి, సముద్రం ఒడ్డున మాట్లాడుకుందామన్నాడు.

"అంత దూరం నుంచి వచ్చిన పెద్దాయన. మొహం మాడ్చుకుని కూర్చోకండి" అంది కృపాబాయి.

"ఒక్క మాటే అడుగుతాను. మీ ఇంటిపేరు ఏ ఊరిదండీ అంటాను. చెప్పమను."

"చెప్పలేకపోతే?"

"ఊరు లేనోడికి పిల్లనెలాగిత్తాం? నరసాపురం కుర్రాడు కాచుకునున్నాడు."

నరసాపురం కుర్రాడు దూరపు బంధువు. ఇల్లరికం వస్తాననీ, పుట్టిన పిల్లలకి ఈతలంక అనే పెట్టుకుంటాననీ పాస్టరు గారి ముందు ఒప్పుకున్నాడు. యాకోబు మొహాన కొట్టడానికి కొండయ్య వెతికి పట్టుకున్న రాయి అతను. సెలిన్ వంటింట్లోంచి అంతా విని, టీ కప్పు తండ్రి ముందు పెట్టి వెళ్ళిపోయింది. ఆ పిల్ల అరిచినా బాగుండేది.

ప్రీతమ్ పాత టయోటాలో కొండల మధ్య దారి పట్టారు. హెర్బర్ట్ నెవిల్ ముందు సీట్లో కూర్చున్నాడు. ఎర్రటి మొహం, పిల్లి కళ్ళు, నోరు తెరిస్తే చీపురుపల్లి సంత. ఎటు చూసినా చెట్టు లేని కొండలే. ఆయన వాటినే చూసి చూసి, వెనక్కి తిరిగి కొండయ్యతో అన్నాడు.

"ఇంత దేశంలో ఒక్క రైలుపట్టా నేదేటి బాబూ? మరి మనుషులెలగ తిరుగుతారు?"

కృపాబాయి నవ్వాపుకుంది. కొండయ్య నవ్వలేదు.

ఖురియాత్‌లో పడవలు అప్పుడే ఒడ్డుకొచ్చి ఉన్నాయి. చాప పరిచి, తెచ్చిన పులిహోర, కోడి వేపుడు వడ్డించారు. తినడం కాగానే కొండయ్య చేతులు కడుక్కొచ్చి, పొద్దుటి నుంచీ నోట్లో దాచుకున్న ప్రశ్న బయటపెట్టాడు.

"మీరు దొరల పేరెట్టుకున్నారు, బాగానే ఉంది. ఇంతకీ ఆ ఇంటిపేరు ఏ ఊరిదండి?"

ప్రీతమ్ మొహం వాడింది. పెద్దాయన మాత్రం ఈ ప్రశ్న కోసమే వాల్తేరు నుంచి వచ్చినట్టు సర్దుకుని కూర్చున్నాడు.

"ఊరుంది బాబూ. మా తాతల తాతలు కూడా సూళ్ళేదు గానీ, ఉంది."

ఫ్రాన్సు దేశంలో పైభాగాన, సముద్రం ఒడ్డున నార్మండీ అనే సీమ ఉందనీ, అక్కడి ఒక పల్లె పేరే తమ ఇంటిపేరనీ చెప్పాడు. తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఆ సీమనేలే దొర పడవలు కట్టించి ఇంగ్లాండు మీదికి వెళ్ళాడట. మనుషులనే కాదు, గుర్రాలను కూడా పడవలెక్కించారట. దిగినచోట ఎవరు మీరని అడిగితే ఒక్కొక్కరూ వదిలొచ్చిన ఊరి పేరు చెప్పారు. మీరు నన్నడిగినట్టే వాళ్ళనీ అడిగారన్నమాట, అని నవ్వాడు.

"ఆ పేరుతో అక్కడ జమీందార్లయినోళ్ళం మేమని నాననను. ఆల గుర్రాలకి గడ్డి కోసినోడో, నీళ్ళు మోసినోడో. గానీ పేరు మాత్రం ఆ ఊరిదే. మావోడొకడు ఈస్టిండియా కంపెనీ పటాలంలో డోలు కొడతా మద్రాసులో దిగాడు. ఆడి మనవడు పట్టాలేసేవోళ్ళతో వాల్తేరొచ్చాడు. చీపురుపల్లి అప్పలనరసమ్మని సేసుకున్నాడు. ఆవిడే మా నాయనమ్మ. ఈ నోరు ఆవిడదే."

కొండయ్య తనకు తెలియకుండానే పడవల వైపు చూశాడు. అలల మీద ఊగే పడవలో గుర్రం ఎలా నిలబడి ఉంటుంది? చీకట్లో అది సకిలిస్తుంటే దాని మెడ పట్టుకుని, ఎదురుగా ఏ ఒడ్డుందో తెలియక కూర్చున్నవాడు ఏమనుకుని ఉంటాడు? అతని రాజులు పోయారు, భాష మారింది, ఒంటి రంగు మారింది. అతని ఊరి పేరు మాత్రం చీపురుపల్లి మీదుగా వచ్చి తన ముందు కూర్చుని కోడి వేపుడు తింటోంది. కానీ ఆ వెంటనే పదేళ్ళ నాటి మంట పైకొచ్చింది.

"మీ పేరు తొమ్మిదొందలేళ్ళు బతకాలి. నాది మాత్రం నాతోనే చావాలి. మీ ఇంటికి పిల్లనిత్తే నా పేరు ఇక్కడే ఈ సముద్రంలో కలిసిపోద్ది. నా వల్ల కాదు."

కృపాబాయి చెయ్యి పట్టుకుంది. విదిలించుకుని లేచాడు. అప్పుడు సెలిన్ మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"బాబాయి కూడా ఇదే మాటన్నాడు నాన్నా. ఆడపిల్ల, దాంతో ఆగిపోద్దని. పదేళ్ళుగా మీరు ఆయన్ని తిడుతుంటే, నా తరపున తిడుతున్నారనుకున్నాను. మీకూ అదే నమ్మకమని ఇవాళే తెలిసింది."

యాకోబు చేతిలో బోండాం పుచ్చుకున్న నాడు కూడా కొండయ్యకి అంత దెబ్బ తగల్లేదు. కూతురి కళ్ళలో నీళ్ళు నిండుతున్నాయి, ఆమె తుడుచుకోవడం లేదు.

హెర్బర్ట్ నెవిల్ ఎవరి వైపూ చూడకుండా, సముద్రానికి చెబుతున్నట్టు అందుకున్నాడు.

"ఇంకోటి సెప్పడం మర్సిపోనాను. ఆ జమీందారీ నెవిల్ ఇంట్లో కూడా ఓ పాలి మగోళ్ళు మిగల్లేదు బాబూ. ఒక్క ఆడకూతురు మిగిలింది. ఇసబెల్లంట. పేరు పోయిందనే అనుకున్నారు ఊరూ వాడా. ఆ పిల్ల వేరే ఇంటోడినే సేసుకుంది. ఆలకి కొడుకు పుట్టాడు. ఆడు పెద్దోడయ్యాక, ఎవులూ అడక్కుండానే అమ్మ ఇంటిపేరెట్టుకున్నాడు. ఇంగ్లాండులో రాజుల్ని గడగడలాడించిన నెవిల్లు ఆ తల్లి కడుపు సలవే. మగోళ్ళు ఆపేసిన పేరుని ఆడపిల్ల దాటించింది."

మీసం దువ్వుకున్నాడు.

"ఆ కుర్రోడు ఏ పేరెట్టుకోవాలో ఆడే సూసుకున్నాడు. ఆడు పుట్టకముందే తాతలిద్దరూ సముద్రం ఒడ్డున కొట్టుకున్నట్టు మాత్రం నాను ఇన్లేదు."

ప్రీతమ్ తల దించుకుని నవ్వాడు. కొండయ్య కూతురి వైపు చూశాడు. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట, తానెన్నడూ చూడని ఆ చలి దేశంలో, తనలాంటి ఎవడో కూతురి వైపు చూసి ఇక అయిపోయిందని నిట్టూర్చే ఉంటాడు. ఆ నిట్టూర్చినవాడి పేరు ఎవరికీ గుర్తు లేదు. కూతురి పేరు ఇవాళ ఖురియాత్ ఒడ్డున వినబడింది.

అంతలో పడవల దగ్గర నుంచి ఎవరో కేక వేశారు.

"యా ఈతలంకా, ఈతలంకా."

సాలెం. పోయిన వేసవిలో కొండయ్య అతని చేపల కోల్డు రూమ్ బాగుచేశాడు. రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు. మామూలుగా అయితే ఆ పిలుపుకి కొండయ్య మొహం చిట్లించేవాడే. ఇవాళ చెవిన పడగానే అటు తిరిగాడు.

ఈతలంక అంటే గోదావరి రెండు పాయల మధ్య, వరదొస్తే ఇళ్ళలోకి నీళ్ళొచ్చే లంక. రాజమండ్రిలోనే చాలామందికి తెలియదు. దాని పేరు పద్దెనిమిదేళ్ళుగా ఈ దేశంలో మేడల మీద, ఆసుపత్రుల్లో, ఎడారి సైటుల్లో అరబ్బులు, పఠాన్లు, మలయాళీలు రోజూ పిలుస్తూనే ఉన్నారు. తానే మోసుకొచ్చాడు, సముద్రం దాటించి. యాకోబు ఊళ్ళోనే ఉండి చేయలేని పని అది. ఊరి పేరుతో పిలిచిన ప్రతిసారీ తన పేరు పోయిందని విసుక్కున్నాడు, అంతే.

కొండయ్య చెయ్యెత్తి సాలెంకి బదులిచ్చాడు. తర్వాత వంగి కూతురి తల మీద చెయ్యి వేశాడు.

"ఏడవకమ్మా. నరసాపురం కుర్రాడికి వద్దని చెప్పేత్తాను. నీకు పుట్టినోళ్ళు ఏ పేరైనా ఎట్టుకోనీ. తాతది ఏ ఊరంటే మాత్రం చెప్పు."

సెలిన్ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని మొహానికి ఆనించుకుంది. కృపాబాయి పమిట చెంగుతో కళ్ళొత్తుకుంటూ, మిగిలిన పులిహోర అంతా ప్రీతమ్ పళ్ళెంలో పెట్టేసింది.

ఎండ తగ్గాక పెద్దలిద్దరూ నీళ్ళ అంచున నడిచారు. హెర్బర్ట్ నెవిల్ ప్యాంటు మడిచి, బూట్లు చేత్తో పట్టుకున్నాడు.

"ఊళ్ళో మీకు అన్నేయం జరిగిందని పిల్ల సెప్పింది" అన్నాడు. "మాది ఊరు ఊరంతా పోనాది. మీదెంత పోయింది బావగారూ?"

ఆ పిలుపు విని కొండయ్య ఆగాడు. పదేళ్ళుగా ఎవరికీ చెప్పని లెక్క బయటికొచ్చింది.

"కాలవ కింద, ఎకరం డెబ్భై రెండు సెంట్లండి, బావగారూ."