ముందు వరస సీసాలు

గడియారం మోగకముందే థేన్ లేచి కూర్చున్నాడు. మతప్రచారానికి వెళ్లిన అలబామాలో అలవాటైన వేళ అది. ఇంటికొచ్చి నెలలు గడిచినా ఒళ్లు ఆ వేళను మరిచిపోలేదు. మంచం పక్కన మోకరించాడు కానీ మాటలు రాలేదు. కాసేపు అలాగే ఉండి లేచాడు. తెల్లచొక్కా తొడుక్కుని, జేబు మీద నల్లటి బిళ్ల తగిలించుకున్నాడు. బిళ్ల మీద 'ఎల్డర్ లారిట్సెన్' అని ఉంది. మిషన్‌లో, అంటే చర్చి పంపిన రెండేళ్ల సేవలో ఉన్న కుర్రవాణ్ణి, ఇంకా ఇరవై నిండకపోయినా, వాళ్ల ఊళ్లో ముసలివాళ్లు కూడా ఎల్డర్, పెద్దాయన, అనే పిలుస్తారు.

వంటింట్లో మేనత్త వెల్డా ఓట్స్ జావ కలుపుతోంది. తండ్రి డెలోయ్ అప్పటికే టర్కీ కోళ్ల షెడ్లు చూసివచ్చి, బూట్లు గుమ్మం దగ్గర వదిలి, బల్ల ముందు కూర్చున్నాడు.

"కాలు ఆపు నాయనా, బల్ల ఊగుతోంది," అంది వెల్డా.

థేన్ మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు. కాలు ఆగింది కానీ చెయ్యి వణకడం మొదలుపెట్టింది.

"రాత్రి పడుకున్నావా?"

"కొంచెం పడుకున్నానత్తా."

"నేను లేచినప్పుడల్లా నీ గదిలో అడుగుల చప్పుడే. ఈ వయసులో నేను ఎన్నిసార్లు లేస్తానో నీకు తెలీదు."

థేన్ నవ్వబోయాడు. తండ్రి నవ్వలేదు.

"మూడో షెడ్డులో ఫ్యాను మొరాయిస్తోంది. ఖాళీ ఉంటే సాయంత్రం ఓ చెయ్యి వెయ్యి," అన్నాడు డెలోయ్. కొడుకుతో మాట్లాడేటప్పుడు ఆయన చూపు చొక్కా మెడపట్టీ దగ్గర ఆగిపోతుంది, బిళ్లదాకా దిగదు.

"కొట్టులో పనుంది నాన్నా. అయ్యాక వస్తాను."

"సరే, నీ కొట్టు పని చూసుకునే రా."

"కొట్టేమిటిరా, అది కూడా చర్చి పనేగా," అంది వెల్డా.

"కాదని నేనన్నానా అక్కా?" అని డెలోయ్ గిన్నె పక్కకు జరిపి లేచాడు.

అలబామాకు బయలుదేరే ముందు రోజు థేన్ ఇదే వంటింట్లో, కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. తండ్రి వెనక నిలబడి, రెండు చేతులూ అతని తల మీద ఉంచి, నిండు పేరు పలికి ఆశీర్వదించాడు. తల్లి నెడ్రా పొయ్యి దగ్గర కళ్లు మూసుకుని నిలబడింది. అప్పటికే ఆమెకు జబ్బు. అది అంత తొందరపడుతుందని ఎవరూ అనుకోలేదు.

ఆమె పోయిన రోజు తండ్రి ఫోన్ చేశాడు. "నువ్వు అక్కడే ఉండు. పని మధ్యలో వదిలిపెట్టకు," అన్నాడు. ఊళ్లో ఎవరికీ అది వింతగా తోచలేదు. అలా ఉండిపోయిన పిల్లలు అంతకుముందూ ఉన్నారు. తల్లి అంత్యక్రియలను థేన్ ఎవరింటి ముందుగదిలోనో కూర్చుని ఫోన్ తెరమీద చూశాడు. మిషన్‌లో తోడును విడిచి ఒంటరిగా ఉండకూడదు కాబట్టి, తోడుగా ఉన్న కుర్రవాడు పక్కనే కూర్చుని నేల చూస్తూ ఉండిపోయాడు. ఏడవడానికి కూడా చాటు దొరకలేదు.

ఆ తరవాత అతనికి నిద్ర పట్టడం మానేసింది. ఒక రోజు తెలియని ఇంటి ముందు తలుపు తట్టడానికి ఎత్తిన చెయ్యి అలాగే గాలిలో నిలిచిపోయింది. డాక్టర్లు ఇంటికి పంపమన్నారు. రెండేళ్లు నిండి తిరిగొచ్చే పిల్లలకోసం విమానాశ్రయంలో దుప్పట్ల మీద పేర్లు రాసి పట్టుకుంటారు, బెలూన్లు తెస్తారు. థేన్ కోసం తండ్రి ఒక్కడే వచ్చాడు. దారి పొడుగునా మంచు గురించి మాట్లాడాడు.

మిగిలిన కాలాన్ని ఇంటి దగ్గరే ఉండి సేవ చెయ్యమని చర్చి చెప్పింది. ఊరి చర్చి పెద్ద అయిన బిషప్ చీటీ పట్టుకుని వచ్చిన బీదవాళ్లకు సరుకులు ఉచితంగా ఇచ్చే కొట్టు పక్క ఊళ్లో ఉంది. అక్కడ అరలు సర్దడం, నడవలేని వాళ్ల ఇళ్లకు పెట్టెలు మోయడం థేన్ పని. కొట్టుకు వచ్చిన కొందరు, "అప్పుడే వచ్చేశావా?" అని మామూలుగానే అడిగేవారు. ఆ మాట మాత్రం అతనితో ఇంటిదాకా వచ్చేది.

అయితే నిన్న ఒక విషయం జరిగింది. దాన్ని తలుచుకుంటేనే అతనికి ఛాతీలో కొంచెం చోటు దొరికినట్టు ఉంది.

టర్కీ మాంసం ఫ్యాక్టరీలో పనిచేసే రొసౌరాకు చెయ్యి తెగింది. భర్త నెవాడా గనుల్లో ఉన్నాడు. ఆమె ఇంటికి పంపాల్సిన పెట్టెలో పిండి ఉంది, చిక్కుళ్లు ఉన్నాయి, పళ్లు మాత్రం లేవు. కొట్టులో పళ్ల అర ఖాళీ. పెట్టె ముందు నిలబడ్డ థేన్‌కు హఠాత్తుగా ఇంట్లోని నేలమాళిగ గుర్తొచ్చింది. అక్కడ అమ్మ పంచదార పాకంలో వేసి సీసాల్లో పట్టిన పీచ్ పళ్లు ఉన్నాయి. తీసుకెళ్లు, అనిపించింది. వదిలించుకుందామన్నా ఆ తలపు వదల్లేదు. ఇన్నాళ్లూ ప్రార్థనల్లో అడిగి అడిగి రాని జవాబు ఇలా వస్తుందేమో అనుకున్నాడు. ఇంటి ముందు వ్యాన్ ఆపి, ముందు వరస సీసాలు ఒక పెట్టెలో సర్దుకుని, తోడుగా ఉన్న ముసలి హాల్వర్సన్ గారితో రొసౌరా ఇంట్లో దించి వచ్చాడు. అక్కడ ప్రార్థన చేసినప్పుడు మాటలు తడబడలేదు.

ఈ రోజు కొట్టు పని ముగించుకొచ్చి, సాయంత్రం షెడ్డుకు వెళ్దామని థేన్ బట్టలు మార్చుకోబోతుంటే నేలమాళిగ మెట్ల మీద తండ్రి అడుగులు వినిపించాయి. ఫ్యానుకు ఫ్యూజు వెతకడానికి దిగినట్టున్నాడు. చాలాసేపటిదాకా పైకి రాలేదు. వచ్చాక వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు.

"ముందు వరస సీసాలు ఏవి?"

వెల్డా చేతిలో గరిటె ఆగిపోయింది.

"నేను తీశాను నాన్నా. కొట్టులో పళ్లు లేకపోతే ఒక ఇంటికి ఇచ్చాను. పాతవే ఇచ్చాను."

"పాతవని నీకెవరు చెప్పారు?"

"ముందు ఉన్నవి పాతవేగా. అమ్మ అలాగే కదా పెట్టేది. పాతవి ముందుకు, కొత్తవి వెనక్కు. ముందువి ముందు తినాలని."

"మూతల మీద సంవత్సరం చూశావా?"

థేన్ చూడలేదు. ఆ ఇంట్లో పుట్టినవాడెవడూ చూడడు. ముందు వరసలోంచే తియ్యాలని పాకే వయసునుంచీ నేర్చుకున్నదే.

"అవి ఆఖరివిరా," అన్నాడు డెలోయ్. గొంతు పెంచలేదు. "పోయిన సెప్టెంబర్లో పట్టింది. నిలబడలేక స్టూలు మీద కూర్చుని పట్టింది. పళ్లు ఒలిచింది నేను. దిగినప్పుడల్లా కనబడతాయని ముందుకు జరిపాను."

"నాకు తెలీదు నాన్నా."

"ఇంట్లో అడగాలని కూడా తెలీదా? మీ అమ్మ చేతివి అవే మిగిలాయి. ఎవరికో పెట్టెలో వేసి ఇచ్చేశావు."

"అది..." థేన్ ఆగాడు. "ఇవ్వమని నాకు చెప్పినట్టు అనిపించింది."

"ఎవరు చెప్పారు?"

ఆ ఇంట్లో ఆ ప్రశ్నకు దేవుడనే ఒకే జవాబు ఉంటుంది.

"నిద్ర లేనివాడికి చాలా అనిపిస్తాయి," అన్నాడు డెలోయ్.

"డెలోయ్," అంది వెల్డా.

"లేదక్కా, వాడికి తెలియాలి. అవి మన సీసాలు కూడా కావు. వాడివే. 'థేన్ తిరిగొచ్చిన రోజు తెరవండి' అని చెప్పింది."

గరిటెలోంచి గ్రేవీ పొయ్యి మీద పడి చిటపటలాడింది.

"నేను వచ్చాను కదా నాన్నా," అన్నాడు థేన్. "మార్చిలో వచ్చాను."

తండ్రి కిటికీ వైపు తిరిగాడు.

"మరి ఎందుకు తెరవలేదు?"

డెలోయ్ కొడుకు కన్నా ఎత్తైన మనిషి. ఆ క్షణాన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"ఉండమన్నారు, ఉన్నాను," అన్నాడు థేన్ మెల్లగా. "అమ్మను ఫోన్‌లో పూడ్చుకున్నాను. నాకు చేతనైనన్నాళ్లు ఉన్నాను. ఇంకా ఎన్నాళ్లు చేస్తే వచ్చినట్టు నాన్నా?"

థేన్ కుర్చీ మీదున్న కోటు అందుకున్నాడు.

"వెళ్లి అడిగి తెస్తాను."

"ఇచ్చినవి వెనక్కి అడుగుతావా, సిగ్గులేకుండా?" అంది వెల్డా. వెంటనే, "అయినా ఒక్కడివే ఎలా వెళ్తావు? వాళ్లాయన ఊళ్లో లేడు. తోడు లేకుండా నువ్వా గడప దాటకూడదు. హాల్వర్సన్ మోకాలు పట్టేసి పడుకున్నాడని పొద్దున వాళ్లావిడ ఫోన్ చేసింది," అంది.

థేన్ గుమ్మంలో ఆగిపోయాడు. వెల్డా తమ్ముడి వైపు చూసింది. డెలోయ్ కొక్కేనికి ఉన్న టోపీ తీసుకుని, పికప్ తాళాలు జేబులో వేసుకున్నాడు.

దారిలో థేన్ మోకాలు ఆగకుండా ఊగుతూనే ఉంది. తండ్రి ఆపమనలేదు.

రొసౌరా చేతికి కట్టుతోనే తలుపు తీసింది. ఊరి చివర, చక్రాల మీద తెచ్చి నిలిపిన ట్రైలర్ ఇల్లు అది. కిటికీలో ఒక ఖాళీ సీసా కడిగి బోర్లించి ఉంది.

"ఎల్డర్, అప్పుడే సీసాల కోసం వచ్చారా? ఒక్కటే ఖాళీ అయింది."

"కాదండీ. ఊరికే చూసిపోదామని." థేన్ పక్కకు తిరిగి తండ్రిని చూపించాడు. "ఈ రోజు నా తోడు ఈయన. మా నాన్నగారు."

ఆ మాటకు డెలోయ్ తలెత్తి కొడుకు వైపు చూశాడు. టోపీ తీసి లోపలికి అడుగుపెట్టాడు.

చిన్న బల్ల దగ్గర ఇత్సెల్ అనే ఆరేళ్ల పిల్ల గిన్నె వంచి పాకం తాగుతోంది.

"అది అన్నం మానేసింది," అంది రొసౌరా. "ఇంతకీ పళ్లు పట్టింది ఎవరండీ?"

"నా భార్య," అన్నాడు డెలోయ్.

"పంచదార ఎంత వేస్తుందో కాస్త అడిగి చెప్పండి. మా అమ్మ పట్టినవి ఇలా ఉండవు."

థేన్ తండ్రి వైపు చూశాడు.

"తక్కువే వేస్తుంది," అన్నాడు డెలోయ్. "ఎక్కువైతే పండు రుచి చచ్చిపోతుందంటుంది. ఒలిచింది మాత్రం నేను."

"నువ్వా తాతా?" అంది పిల్ల. "నీకు సరిగ్గా రాదు. నా ముక్కకి తోలు ఉంది."

డెలోయ్ నవ్వాడు. నెలల తరవాత థేన్ ఆ నవ్వు విన్నాడు.

"మా ఆవిడా అదే అనేది," అన్నాడు. ఆ 'అనేది' అన్న మాట నోట్లోంచి వచ్చాక ఆయన ఆగిపోయాడు. రొసౌరాకు అర్థమైంది. కట్టు లేని చేత్తో ఆయనకు కుర్చీ జరిపింది.

"నిన్న మీ అబ్బాయి ప్రార్థన చేశారండీ," అంది. "ఇంత చిన్న ప్రార్థన చేసే ఎల్డర్‌ని నేను చూడలేదు. 'ఈ ఇంట్లోవాళ్లకి ఈ రాత్రి నిద్ర పట్టించు' అన్నారంతే. ఆ రాత్రి నొప్పి ఉన్నా నాకు నిద్ర పట్టింది."

డెలోయ్ టోపీ అంచు వేళ్లతో తిప్పుతూ విన్నాడు. సీసాల మాట ఎత్తలేదు. లేచేటప్పుడు ఆమె లోపలికి వెళ్లి నిండు సీసా ఒకటి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

"వద్దమ్మా, ఇచ్చినవి మీవే."

"ఇది తీసుకెళ్లండి. మిగతావి నేను ఇచ్చినా పిల్లలు ఇవ్వనివ్వరు."

ఇంటికొచ్చేసరికి వెల్డా బల్ల సర్ది కూర్చుని ఉంది. తమ్ముడి చేతిలో సీసా చూసింది. డెలోయ్ దాన్ని బల్ల మధ్యలో పెట్టాడు. మూత మీద నెడ్రా దస్తూరీతో సంవత్సరం, పక్కన చిన్నగా 'థే' అన్న అక్షరం. థేన్ దాని వైపు చూస్తూ నిలబడిపోయాడు.

డెలోయ్ కిటికీ పక్క కుర్చీని గది మధ్యకు లాగి కూర్చున్నాడు.

"ఎల్డర్," అన్నాడు.

థేన్ వెనక్కు తిరిగి చూశాడు. తండ్రి కళ్లు ఈసారి మెడపట్టీ దగ్గర ఆగలేదు.

"నాకూ నిద్ర లేదురా. షెడ్లకు పొద్దున్నే వెళ్తున్నానని మీరనుకుంటున్నారు. రాత్రే వెళ్తున్నాను." ఆయన చేతులు మోకాళ్ల మీద తెరిచి పెట్టుకున్నాడు. "నాకొక ఆశీర్వాదం ఇస్తావా?"

"నాకు మాటలు వస్తాయో రావో నాన్నా."

"రాకపోతే ఊరుకుందాం."

థేన్ వెనకకు వెళ్లి, తండ్రి నెరిసిన తల మీద రెండు చేతులూ ఉంచాడు. చేతులు వణుకుతున్నాయి. తల కూడా వణుకుతోందని అప్పుడు తెలిసింది. "డెలోయ్ హైరమ్ లారిట్సెన్," అని నిండు పేరు పలికాడు. తరవాత చాలాసేపు ఏమీ రాలేదు. ఫ్రిజ్ చప్పుడు, బయట షెడ్లలో పక్షుల గొణుగుడు వినిపించాయి. తండ్రి తొందరపెట్టలేదు, కదలలేదు. ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

ఆ తరవాత వచ్చిన మాటలు కొన్నే. నెడ్రా ఆ ఇంట్లో ఎవరి మీదా కోపం పెట్టుకోలేదని, తండ్రి ఈ రాత్రి షెడ్డుకు వెళ్లనక్కర్లేదని. ఆమేన్ అన్నాక కూడా చేతులు తియ్యాలని థేన్‌కు తోచలేదు. తండ్రి తన చెయ్యి పైకెత్తి కొడుకు వేళ్ల మీద వేసి, అలాగే ఉంచి, భుజాలు ఎగసిపడేలా ఏడ్చాడు.

వెల్డా కళ్లు తుడుచుకుని సీసా మూత లేపింది. చిన్న చప్పుడుతో గాలి వదిలింది. మూడు గిన్నెల్లోకి వడ్డించి తమ్ముడి ముందు ఒకటి పెట్టబోయింది. డెలోయ్ ఆ గిన్నెను థేన్ వైపు జరిపాడు.

"ముందు వాడికి పెట్టక్కా. వచ్చినవాడు వాడు."