గురువారం బ్యాకప్

ఆ వీధిలో నలభై షాపులున్నాయి. నలభై షాపుల్లోనూ కంప్యూటర్లున్నాయి. చాలావాటికి పాస్‌వర్డ్ 1234. మిగిలినవాటికి అసలు పాస్‌వర్డే లేదు.

పక్క వీధి మందుల షాపులో ఫైళ్లన్నిటికీ ఎవడో దూరం నుంచే తాళం వేసేశాక వర్తక సంఘంవాళ్లకి భయం పట్టుకుంది. ఒక కంప్యూటర్ల కుర్రాణ్ణి మాట్లాడి, ప్రతి షాపుకీ వెళ్లి జాగ్రత్తలు చెప్పమన్నారు. కుర్రాడంటే మరీ కుర్రాడు కాదు, ముప్ఫై దాటాయి. పెళ్లి కాలేదు కాబట్టి కుర్రాడే. ఏ షాపులో అడుగుపెట్టినా నమస్కారం తర్వాత అతను అడిగే మొదటి మాట "అప్‌డేట్ చేశారా?" అని. నెల తిరిగేసరికి వీధిలో అతని పేరు అప్‌డేట్ అయింది. ఆ సంగతి తెలిశాక అతను నొచ్చుకోలేదు. ఆ రకంగానైనా వాళ్లకి ఆ మాట గుర్తుంటే చాలనుకున్నాడు.

ఇరవై మూడో షాపు చెవి మిషన్లది. ముందు గదిలో బల్ల, నాలుగు కుర్చీలు, గుమ్మడికాయంత ప్లాస్టిక్ చెవి బొమ్మ. బల్ల వెనక కళ్లజోడు పెద్దావిడ శ్రద్ధగా టైపు చేస్తోంది. ఆవిడ ముప్ఫై నాలుగేళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. ఉత్తరానికి జవాబు ఇవ్వకపోవడం మర్యాద కాదని ఆవిడ నమ్మకం. అందుచేత, లాటరీ తగిలిందని వచ్చిన మెయిల్‌కి, తాను టికెట్టే కొనలేదనీ, అసలు గెలిచినవారు ఎక్కడో ఎదురుచూస్తుంటారనీ, దయచేసి వారిని వెతికి పట్టుకోమనీ రాస్తోంది.

అది పంపొద్దన్నాడు అప్‌డేట్. జవాబు వచ్చిందంటే ఇక్కడ మనిషి ఉన్నాడని వాళ్లకి తెలిసిపోతుందని చెప్పాడు.

"ఉన్నాను కదా బాబూ," అందావిడ.

లోపలి గదిలో ఆవిడ అక్క కూతురు ఉంది. షాపు ఆమెదే. వినికిడి పరీక్షలు చేసి, ఎవరి చెవికి తగ్గట్టు వాళ్ల మిషన్‌ని కంప్యూటర్‌తో సరిచేసి ఇవ్వడం ఆమె పని. వీధిలో అందరూ చెవి డాక్టరమ్మ అంటారు. డాక్టర్ని కాదు, ఆడియాలజిస్టునని ఆమె ఆరేళ్లుగా చెబుతోంది. అందరూ అలాగేనమ్మా అని, మళ్లీ డాక్టరమ్మ అంటారు.

ఆ గదిలోని కంప్యూటర్‌ని అప్‌డేట్ ముందు నుంచీ, వెనక నుంచీ చూశాడు.

"ఇది ఎప్పటిదండీ?"

"పనిచేస్తోంది."

"నేనడిగింది అది కాదు."

"నేను చెప్పేది అదే."

దానికి అప్‌డేట్లు రావడం మానేసి అయిదేళ్లయిందనీ, నెట్‌కి తగిలించి ఉంచితే వీధి తలుపు తీసి పడుకున్నట్టేననీ అతను చెప్పాడు. ఒకసారి మీలాంటివారే ఎవరో వచ్చి దాంట్లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారనీ, మిషన్లు సరిచేసే ప్రోగ్రాం దాంతో ఆగిపోయిందనీ, తొమ్మిది రోజులపాటు వచ్చినవాళ్లని వచ్చినట్టే వెనక్కి పంపాననీ ఆమె చెప్పింది. వాళ్లలో ఒక తాతగారు మనవరాలి పెళ్లికి మిషన్ లేకుండానే వెళ్లి, ఎవరేమన్నా నవ్వుతూ తలూపి వచ్చాడట.

"దీన్ని ముట్టుకుంటే ఊరుకోను," అంది.

నెట్ వైరు ఎటు నుంచి వస్తోందో అప్‌డేట్ చూశాడు. దాన్ని మార్చొద్దు, నెట్‌నుంచి మాత్రం విడదీద్దాం అన్నాడు. బయటి దారి లేకపోతే బయటివాడు రాలేడు. రెండు కంప్యూటర్లలోని వివరాలు వారానికోసారి ఒక డిస్కులోకి కాపీ చేయాలి. అలాంటి డిస్కులు రెండుండాలి. కాపీ అయిపోగానే వైరు పీకేయాలి. ఒకటి షాపు అల్మారాలో, ఒకటి షాపు బయట ఎక్కడైనా.

ఇదంతా చేయడానికి తనకి తీరిక లేదని, ఆయనే వచ్చి చేసేట్టయితే సరేనని ఆమె అంది. బయట ఉంచాల్సింది ఆయన ఇంట్లోనే ఉంచుకోవచ్చట. సంఘం ఒప్పందంలో షాపుకి ఆరు నెలలకోసారి వెళ్తే చాలని రాసుంది. అప్‌డేట్ ఆ ముక్క చెప్పలేదు. గురువారం నాలుగు గంటలకి వస్తానన్నాడు.

కాపీ కావడానికి నలభై నిమిషాలు పట్టేది. ఆ నలభై నిమిషాలూ అతను చేయాల్సిందేమీ లేదు. తెర మీద ఆకుపచ్చ గీత జరగడం చూస్తూ కూర్చోవాలి. మొదటి వారం గీతనే చూశాడు. రెండో వారం బల్ల వెనక పెద్దావిడ, డాక్టరమ్మ పిన్ని, టీ తెచ్చింది. మూడో వారం నుంచి అతను వచ్చే వేళకి పరీక్షలకి ఎవరూ ఉండేవారు కాదు. డాక్టరమ్మ గురువారం నాలుగింటికి ఎవరికీ టైం ఇవ్వడం లేదని పిన్ని గమనించి, ఊరుకుంది.

వాళ్లు మాట్లాడుకున్నవి పెద్ద విషయాలేమీ కావు. తన పాస్‌వర్డ్ ఇప్పుడు ఇరవై రెండు అక్షరాల పొడుగని ఆమె చెప్పింది. ఏమిటో మాత్రం చెప్పొద్దన్నాడతను.

"అడుగుతారేమో అనుకున్నాను."

"ఎవరడిగినా చెప్పకూడదండీ. నేనడిగినా సరే."

"మీరు ఏదీ అడగరు," అంది ఆమె, తెర వైపు చూస్తూ. గీత అప్పటికి సగం దాకా వచ్చింది.

ఎనిమిదో గురువారం వాన పట్టుకుంది. అతని దగ్గర గొడుగు లేదు. ఆమె దగ్గర ఉంది. బస్‌స్టాప్ దాకా దింపుతానంది. సంచిలో డిస్కు ఉంది, అది తడవకూడదు కాబట్టి అతను ఒప్పుకున్నాడు. డిస్కు తడవకూడదనే విషయంలో ఇద్దరూ చాలా పట్టుదలగా ఉండి, గొడుగు కింద బాగా దగ్గరగా నడిచారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాలుగేళ్ల కిందట వచ్చిన జ్వరం పోతూ పోతూ అప్‌డేట్ ఎడమ చెవిలో వినికిడి చాలావరకు పట్టుకుపోయింది. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఎక్కడికెళ్లినా అందరూ తనకి కుడివైపు ఉండేలా కుర్చీ చూసుకుని కూర్చునేవాడు. వినపడనప్పుడు సందర్భాన్ని బట్టి జవాబిచ్చేవాడు. షాపుల్లో ఎలాగూ అందరూ అడిగేవి అవే నాలుగు ప్రశ్నలు కాబట్టి పని జరిగిపోయేది.

ఆ సాయంత్రం కుడివైపంతా నీటి గుంటలు. ఆమె అతనికి ఎడమవైపు నడిచింది. రోడ్డు మీద లారీలు, గొడుగు మీద వాన. వారం రోజులుగా కూడగట్టుకున్న మాట ఆమె అప్పుడు అంది.

"నా కోసం పిన్నికి ఎక్కడెక్కడినుంచో సంబంధాలు వస్తున్నాయి. నేను అన్నీ వద్దంటున్నాను. మీరేమీ అనకపోతే ఇలా ఎన్నాళ్లు?"

అతనికి 'పిన్నికి' అనీ, 'వస్తున్నాయి' అనీ, 'ఎన్నాళ్లు' అనీ వినపడింది. సందర్భాన్ని బట్టి జవాబు చెప్పాడు.

"అలాంటివి వస్తూనే ఉంటాయండీ. పట్టించుకోకూడదు. జవాబివ్వకుండా ఊరుకుంటే కొన్నాళ్లకి వాళ్లే విసిగి మానేస్తారు."

ఆ 'వాళ్ల'లో తానూ ఉన్నాననుకుందామె. తర్వాత బస్‌స్టాప్ దాకా ఏమీ మాట్లాడలేదు. అప్‌డేట్‌కి ఆ మౌనం హాయిగా అనిపించింది. బస్సెక్కి కిటికీలోంచి చెయ్యి కూడా ఊపాడు.

తర్వాతి గురువారం ఆమె గుమ్మంలోనే ఎదురొచ్చింది. కాపీ తనే చేసుకున్నానని, ఎలా చేయాలో ఇన్ని వారాలు చూశాక వచ్చేసిందని, ఆయన శ్రమపడి రావాల్సిన పనిలేదని చెప్పింది. పై వారం కూడా అంతే. ఏం జరిగిందని అతను అడగలేదు. వారం వారం రావడం ఆమెకి విసుగైందేమోనని తనకి తనే సందర్భాన్ని బట్టి జవాబు చెప్పుకున్నాడు. లోపల పిన్ని ఫోనులో ఎవరితోనో ఈ ఆదివారం కాదు, పై ఆదివారం రమ్మని చెబుతోంది. కుడి చెవి ఆ మాటని స్పష్టంగా విన్నది. అబ్బాయి తరఫువాళ్లు ఎంతమంది వస్తారన్నది కూడా విన్నది. అతను ఆ పూట ఇంకే షాపుకీ వెళ్లలేదు.

బుధవారం పదకొండు గంటలకి పిన్నికి ఒక మెయిల్ వచ్చింది. 'అమ్మా, నా మిషన్‌లో కుయ్యిమని మోత వస్తోంది. రికార్డు చేసి పంపాను, దయచేసి వినండి' అని ఉంది. లాటరీలకి జవాబివ్వడం ఆవిడ ఎప్పుడో మానేసింది. కానీ ఇది కష్టంలో ఉన్న మనిషి. ఆవిడ నొక్కింది. మోత ఏమీ వినిపించలేదు. రెండు నిమిషాల్లో ముందు గది కంప్యూటర్లో ఫైళ్లన్నీ మూసుకుపోయి, డబ్బు పంపితే తెరుస్తామని నోటీసు వచ్చింది.

డాక్టరమ్మ ఫోను తీసింది. "మీరొకసారి రండి," అంది, అంతే.

స్టేషనరీ షాపులో ప్రింటర్ని విప్పింది విప్పినట్టే వదిలేసి అప్‌డేట్ వచ్చాడు. ముందు నెట్ వైరు పీకాడు. ఫోనులో ఆ నోటీసుకి 'మీ ఉత్తరం అందింది' అని రాయబోతున్న పిన్నిని ఆపాడు. లోపలి గదిలోని పాత కంప్యూటర్ చూశాడు. దానికి ఏమీ కాలేదు. నెట్‌తో సంబంధం లేనందువల్ల అది బతికింది. అందరి మిషన్ల సెట్టింగులూ భద్రంగా ఉన్నాయి.

తర్వాత అల్మారాలో డిస్కు కోసం చూశాడు. లేదు. అది ముందు గది కంప్యూటర్‌కే తగిలించి ఉంది. దాంట్లో ఫైళ్లూ మూసుకుపోయాయి.

"పీకడం మర్చిపోయాను," అంది ఆమె.

"చెప్పాను కదండీ" అనడానికి అతనికి పూర్తి హక్కుంది. అనలేదు. గుమ్మంలోంచి తిరిగెళ్లిన రోజు నుంచి సంచిలోనే ఉండిపోయిన తన డిస్కు తీశాడు. అది వాన రోజుది. ఆ తర్వాత కొత్తగా పరీక్షలకి వచ్చిన పదకొండు మంది వివరాలు మాత్రం పోయాయి.

పిన్ని పుస్తకంలో రాసుకున్న నంబర్లు చూసి, వాళ్లకి ఫోన్లు చేసి మళ్లీ రమ్మనాలి. చెవులు సరిగా వినపడనివాళ్లకి ఫోనులో ఈ సంగతి చెప్పడానికి మధ్యాహ్నమంతా పట్టింది. పిన్ని గొంతు పెద్దది చేసి, తప్పు తనదేనని పదకొండు మందికీ విడివిడిగా ఒప్పుకుంది. అప్‌డేట్ కంప్యూటర్ని మొత్తం తుడిచేసి, డిస్కులోంచి పాతవన్నీ ఎక్కిస్తున్నాడు.

డాక్టరమ్మ అతని ఎడమ పక్కన నిలబడి, టీ తాగుతారా అని అడిగింది. అతను పలకలేదు. కోపం కాబోలు అనుకుంది. మళ్లీ అడిగింది. పలకలేదు. మూడోసారి అడగబోతూ ఆగింది. రోజుకి పది చెవులు చూసే మనిషి ఆమె. కోపంగా ఉన్నవాడి మెడ ఎలా ఉంటుందో, వినపడనివాడి మెడ ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు.

ఇంకో అడుగు వెనక్కి జరిగి, మామూలు గొంతుతో అంది. "మీ చొక్కాకి నిప్పంటుకుంది."

అతను టైపు చేస్తూనే ఉన్నాడు. పిన్ని మాత్రం నీళ్ల సీసా పట్టుకుని లేచింది.

డాక్టరమ్మ చుట్టూ తిరిగి కుడివైపుకి వచ్చింది. "లోపల కుర్చీ ఉంది. వచ్చి కూర్చోండి," అంది.

పరీక్షకి ఇరవై నిమిషాలు పట్టింది. కాగితం మీద కుడి చెవి గీత పైనే తిన్నగా నడిచింది. ఎడమ చెవి గీత మెట్లు దిగినట్టు దిగింది. ఎన్నాళ్లయిందని అడిగింది. నాలుగేళ్లన్నాడు. ఎవరికైనా చూపించారా అని అడిగింది. తర్వాత చూద్దాంలే అనుకున్నానన్నాడు.

"అప్‌డేట్ చేయమని కంప్యూటర్ అడిగితే 'తర్వాత' అనే బటన్ నొక్కొద్దని నలభై షాపుల్లో చెప్పేది మీరేనా?"

అతను తల దించుకున్నాడు. "మొదట బద్ధకమే. ఇక్కడికి రావడం మొదలయ్యాక భయం వేసింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీరు చూసేవన్నీ చెవులే. మీకు నేను ఇంకో చెవిగా మిగిలిపోతానేమో అని."

ఆమె కాగితం మడతపెట్టింది. మళ్లీ విప్పింది.

"వాన రోజు నేనన్నది మీకు వినపడిందా?"

"పిన్నిగారికి వచ్చే మెయిల్స్ గురించే కదండీ?"

ఆమె కాసేపు ఆ ఎడమ చెవి గీతనే చూసింది. దాదాపు మూడు వారాలు తిండి సహించకపోవడానికి, ఆదివారం పెళ్లిచూపులకి సరేననడానికి కారణం ఆ కాగితం మీద నీలం సిరాలో ఉంది. మెయిల్స్ గురించి కాదని మాత్రం చెప్పింది. శనివారం రమ్మంది.

శనివారం అతని ఎడమ చెవికి మిషన్ పెట్టి, పాత కంప్యూటర్‌తో సరిచేసి, స్విచ్ వేసింది. అతను కళ్లు చిట్లించి చుట్టూ చూశాడు.

"ఈ కంప్యూటర్ ఫ్యాన్ పోతోందండీ."

"నాలుగు నెలలుగా అలాగే మోగుతోంది," అంది ఆమె. తర్వాత అతని ఎడమవైపు కూర్చుని, వానలో అన్న మాటని అక్షరం పొల్లుపోకుండా మళ్లీ అంది. గొంతు పెంచలేదు.

అతను మొత్తం విన్నాడు. తను ఆ రోజు ఇచ్చిన జవాబు గుర్తొచ్చి ముఖం పాలిపోయింది.

"నన్ను సంఘంవాళ్లు పంపింది ఆరు నెలలకోసారి," అన్నాడు. "వారం వారం వచ్చింది నేను. ఇంతకంటే ఎలా చెప్పాలో తెలియక గీత చూస్తూ కూర్చున్నాను. రేపు వాళ్లని రావద్దని చెప్పండి. మా అమ్మని తీసుకుని నేనొస్తాను."

ఆమె పిన్నిని పిలవాల్సిన అవసరం రాలేదు. పిన్ని తలుపు దగ్గరే ఉంది. ఆవిడ చెవులకి ఏ లోపమూ లేదు. వెళ్లి ఫోను చేసి, అబ్బాయి తరఫువాళ్లకి ఎంతో మర్యాదగా క్షమాపణ చెప్పింది.

ఆదివారం అతని అమ్మ వచ్చింది. కొడుకు చెవి వెనక మిషన్ని ఆవిడ బస్సులోనే చూసింది. అతను అక్కడే సంగతంతా చెప్పాడు. ఆవిడ దిగేదాకా ఆ మిషన్నే చూస్తూ కూర్చుంది. షాపు వెనకే ఉన్న డాక్టరమ్మవాళ్ల ఇంట్లో కూర్చున్నాక, మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, అతన్ని చూస్తూ అంది.

"వంటింట్లోంచి నేను పిలిస్తే పలకవని నాలుగేళ్లు తిట్టాన్రా. మొండివాడివైపోయావనుకున్నాను. పెళ్లి కాక ఇలా తయారయ్యాడని మీ మామయ్యతో కూడా చెప్పుకున్నాను."

ఆవిడ చెంగుతో కళ్లు ఒత్తుకుని, పక్కకి జరిగి, డాక్టరమ్మని వచ్చి కూర్చోమంది. ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"అలాగని వీడు వినని ప్రతిదీ చెవి మీదకి నెట్టేయకమ్మా. బాగా వినపడీ చెయ్యని పనులు కొన్నున్నాయి. ముందే తెలుసుకుని ఒప్పుకుంటే నీకే మంచిది."

డాక్టరమ్మ బల్ల మీదున్న కాగితం దగ్గరికి లాక్కుని, పెన్ను మూత తీసింది.

"చెప్పండి అత్తయ్యా. రాసుకుంటాను."

అత్తయ్య గొంతు సవరించుకుని, తడి తువ్వాలు మంచం మీద పడేయడంతో మొదలుపెట్టింది. తొమ్మిదో అంశం దగ్గర పిన్ని క్యాలెండరు తెచ్చింది. ముహూర్తాల మాట ఎత్తినా జాబితా ఆగలేదు. ఆవిడకి చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.