పత్తి ఉన్నన్నాళ్లు

క్రిస్మస్ పాట కోసం ఒక చరణం పాడి పంపమంటే చుట్టుపక్కల ఊళ్ల చర్చి సంఘాల్లోని ఆడపిల్లలందరూ వాట్సాప్‌లో పంపారు. ఒకరి పాట వెనక ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. ఇంకొకరి పాటలో బర్రె అరిచింది. మరొకరి పాట మధ్యలో "ఓ పిల్లా, పొయ్యి మీద పాలు జూడు" అని తల్లి కేక. ఇమ్మానుయేల్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అన్నీ ఓపిగ్గా విన్నాడు. దేవరుప్పుల దగ్గరి ఊరి నుంచి సుమలత పంపిన పాట దగ్గర ఆగిపోయాడు.

గొంతు బాగుంది. బాగున్న గొంతులు ఇంకా ఉన్నాయి. కానీ ఈ గొంతు చుట్టూ ఏమీ లేదు. గోడ లేదు, కప్పు లేదు, గాలి లేదు. చెవి పక్కన కూర్చుని పాడినట్టుంది. ఇది ఫోన్లో పాడిన పాట అంటే అతను చచ్చినా నమ్మడు.

ఎందుకంటే ఈ విషయంలో అతను పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. జనగామలో మొబైల్ రిపేర్ షాపులో పని, ఆదివారం చర్చిలో కీబోర్డు. ఈసారి పాట కోసం హైదరాబాద్ పోవద్దు, నేనే ఇంట్లో రికార్డు చేస్తానని అందరి ముందూ నోరు జారాడు. సెకండ్ హ్యాండ్ మైకు, చిన్న సౌండ్ కార్డు, పాత ల్యాప్‌టాప్ కూర్చుకున్నాడు. నెట్‌లో చూసి తన గది గోడల నిండా గుడ్ల ట్రేలు అంటించాడు. ఏం పాడినా బావిలోంచి పాడినట్టే వినబడుతోంది. వాళ్లమ్మ మాత్రం రోజూ గదిలోకి తొంగి చూసి "కోళ్లను ఎప్పుడు తెస్తవ్ రా?" అని అడుగుతోంది.

ఉండబట్టలేక సుమలతకు ఫోన్ చేశాడు.

"సిస్టర్, ఏ మైకు వాడినవ్?"

"ఫోనే, బ్రదర్."

"ఫోన్ల గిట్ల రాదు."

"అంటే నేను అబద్ధం చెప్తున్ననా?"

"గట్ల కాదు. ఏ స్టూడియోల పాడినవో చెప్తే..."

"మా ఊర్ల సక్కటి కిరాణ దుకాణమే లేదు, స్టూడియో యాడికెల్లొస్తది? నమ్మకుంటే వచ్చి సూస్కో." టక్కున ఫోన్ పెట్టేసింది.

పెట్టేస్తే పెట్టేసింది, రమ్మని అయితే అంది కదా. ఆదివారం ప్రార్థన కాగానే బ్యాగు భుజానికి తగిలించుకుని బండెక్కాడు.

సుమలత గుమ్మంలోనే నిలబడి ఉంది. ఫోన్లో అంత గడుసుగా మాట్లాడిన పిల్ల ఇంత సన్నగా, ఇంత నవ్వు మొహంతో ఉంటుందని అతను అనుకోలేదు. వసారాలో మంచం మీద వాళ్ల నాయిన ముత్తయ్య, పక్కనే తల్లి కొమురమ్మ. సుమలత ఏమీ చెప్పకుండా ముందుగది తలుపు తోసింది.

లోపలంతా పత్తి. నేల మీద నుంచి లేచి మూడు గోడలనూ కప్పేసి దూలాల దాకా పోయింది. తలుపు దగ్గర మాత్రం ఇద్దరు నిలబడేంత సందు ఉంది. ఏరిన పత్తిని రేటు వచ్చేదాకా ఇంట్లో పోసుకుని, మనుషులు వసారాలో పడుకోవడం ఆ ఊళ్లో అందరిళ్లలోనూ ఉన్నదే.

ఇమ్మానుయేల్ చప్పట్లు కొట్టాడు. చప్పుడు తిరిగి రాలేదు. మళ్లీ కొట్టాడు. "హల్లో" అన్నాడు. ఆ మాట కూడా పత్తిలోకి పోయి అక్కడే ఉండిపోయింది.

"గీ పోరనికి ఏమైంది?" అన్నాడు ముత్తయ్య తలుపులోంచి తొంగి చూస్తూ.

"పత్తి చప్పుడును మింగుతుంది, అంకుల్."

"మా పెట్టుబడినే మింగింది. చప్పుడొక లెక్కనా?"

పాట ఇక్కడే రికార్డు చేసుకుంటానని బతిమాలితే ముత్తయ్య ఒప్పుకున్నాడు, ఒకే షరతు మీద. ఆ గదిలోకి కరెంటు వైరు రాకూడదు. నిప్పురవ్వ పడితే ఏడాది కష్టం బూడిదే. అంటే ల్యాప్‌టాప్ బ్యాటరీతోనే పని నడవాలి. ఆ బ్యాటరీ ముసలిది. రెండు లైన్లు పాడేలోగా కన్ను మూస్తుంది. దాన్ని వసారాలో చార్జింగ్ పెట్టి, అది లేచేదాకా కూర్చోవాలి.

కూర్చునేవాడు. కొమురమ్మ చాయ్ ఇచ్చేది. ముత్తయ్య పత్తికాయను తొలిచే గులాబీ పురుగు గురించి చెప్పేవాడు. సుమలత ఎదురుగా కూర్చుని పత్తికాయలు ఒలుస్తూ ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేది.

"పాడేటప్పుడు 'ప' అన్నకాడ ఫట్‌మంటుందెందుకు?"

"నోట్లెకెల్లి గాలి పోయి మైకును కొడుతది. దానికి అడ్డంగ పెట్టే గుడ్డ జాలి ఒకటి ఉంటది, కొనలే."

ఆమె లోపలికి పోయి ఒక పాత ప్లాస్టిక్ గాజు తెచ్చింది. చిరిగిన చున్నీ ముక్క దానికి బిగించి కట్టి అతని చేతిలో పెట్టింది. మైకు ముందు పెడితే 'ప' బుద్ధిగా పలికింది. ఇంటికి పోతూ ఆ గాజును మాత్రం అతను బ్యాగులో వేయలేదు, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

అలా వారం వారం రావడం అలవాటైంది. ఆమె జుట్టులో ఇరుక్కున్న పత్తిపోగులు చూసి నవ్వేవాడు. "నీ మీసాల గూడ ఉంది బ్రదర్, అప్పుడే ముసలోనివైనవ్" అనేది ఆమె. ఆ గదిలో ఎంత గట్టిగా మాట్లాడినా గడప దాటి పోదు. మనసులో మాట చెప్పడానికి అంతకన్నా మంచి చోటు ఏ ప్రేమికుడికీ దొరకదు. ఇమ్మానుయేల్ మాత్రం "ఇంకొక్కసారి పాడు, శృతి జర తగ్గింది" తప్ప ఇంకో మాట చెప్పలేకపోయాడు. చెబితే కాదంటుందేమోనని భయం. చెప్పకుండానే పాట అయిపోతే ఈ ఊరికి వచ్చే సాకు ఉండదని ఇంకా పెద్ద భయం. అందుకే ఆఖరి చరణాన్ని సాగదీస్తూ పోయాడు.

డిసెంబర్‌లో పత్తి రేటు లేచింది.

ఆ ఆదివారం అతను వచ్చేసరికి గది ఊడ్చి ఉంది. గోడ మూలల్లో నాలుగు పత్తిపోగులు తప్ప ఏమీ లేదు. సుమలత కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆ గదికి ఒక కిటికీ ఉందని అతనికి ఆరోజే తెలిసింది.

"నిన్న ట్రాలీ వచ్చింది."

"ఒక్క ఫోన్ చెయ్యొచ్చు గద."

"చేస్తే ఏం చేస్తుంటివి? రేటు ఆపుతుంటివా?"

అతను చప్పట్లు కొట్టాడు. నాలుగు గోడలూ తిరిగి కొట్టాయి.

"ఆఖరి చరణం ఇక్కడ కాదు ఇగ," అన్నాడు.

"జనగామల నీ గుడ్ల ట్రేలున్నయ్ గద." ఆమె నేల చూపులు చూస్తూ మెల్లగా అంది. "పత్తి పోయింది. ఇగ నువ్వు గీ తొవ్వకు రావు, అంతేనా?"

ఇమ్మానుయేల్ ఇన్నాళ్ల అలవాటు కొద్దీ, ఆ గదిలో ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే అనేశాడు.

"పత్తి కోసం ఒక్కసారే వచ్చిన సుమలతా. మిగతా అన్నిసార్లు నీ కోసమే వచ్చిన."

పత్తి లేదన్న సంగతి అతను మరిచాడు, గది మరవలేదు. ఆ మాటను ఒక గోడ ఇంకో గోడకు అందించింది, అది తలుపుకు అందించింది. వసారాలో మాటలు ఆగిపోయాయి. సుమలత రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"బయటికి రా," అన్నాడు ముత్తయ్య.

వచ్చాడు.

"ఫోన్లు బాగుచేసెటోనివి. గా బ్యాటరీ మార్చుకునుడు రాలేదా ఇన్నొద్దుల సంది?"

"వచ్చు, అంకుల్."

"మరెందుకు మార్చలే?"

"మారిస్తే... చార్జింగ్ పెట్టి ఇక్కడ కూసునే పని ఉండదు."

కొమురమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముత్తయ్య కూతురి వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్ బిడ్డా?"

సుమలత తలుపు చాటు నుంచే చెప్పింది. "నేను గూడ ఆఖరి చరణం కావాల్ననే తప్పు పాడిన బాపు. శృతి ఊకెనే తగ్గలే."

ఇమ్మానుయేల్ తెల్లబోయి చూశాడు. ఇన్నాళ్లూ ఎంత వెతికినా ఆ తప్పుకు కారణం అతనికి దొరకలేదు మరి.

"అయితే ఇగ బ్రదర్ అనుడు బంద్ చెయ్యి," అంది కొమురమ్మ.

ముత్తయ్య లేచి వంటింటి మూల చూపించాడు. అక్కడ నిండు సంచులు రెండు ఉన్నాయి.

"పత్తి మొత్తం అమ్మలే. గివి ఆపిన. గింజ తీపిచ్చి పెండ్లికి పరుపు కుట్టియ్యాలె గద."

"నిన్ననే ఆపినవా బాపు?" సుమలత తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది.

"మాకు కండ్లు లేవా బిడ్డా." ఆయన ఇమ్మానుయేల్ భుజం మీద చెయ్యి వేశాడు. "పండుగ కాంగనే మీ అమ్మను పంపు, మాట్లాడుదం. జనగామ పోయినంక ఆ పరుపును పగటిపూట గోడకు నిలవెట్టుకో. చప్పుడును అదే మింగుతది. గా గుడ్ల ట్రేలు పీకి పారెయ్."

ఆ సాయంత్రం ఆ ఇంట్లో మొదటిసారి మైకు కోసం కరెంటు వైరు లోపలికి వచ్చింది, దాన్ని ముత్తయ్యే సంచులకు దూరంగా పరిచాడు. ఇమ్మానుయేల్ జేబులోంచి గాజు తీసి మైకు ముందు నిలబెట్టాడు. సుమలత ముందుగదిలోకి తెచ్చిన ఆ రెండు సంచుల మధ్య నిలబడి ఆఖరి చరణం పాడింది. ఈసారి ఎక్కడా తప్పు పోలేదు.