ఆదెమ్మ చేలో ఆరు ట్యూబులు

"చినుకు పడితే వాళ్ల ఆట కట్టు. ఆ లోపు శాంపిల్ గోదావరి దాటకూడదు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ రవికుమార్ టేబుల్ మీది ఫొటో వంక చూశాడు. 2009 ఆగస్టు. ఖమ్మం జిల్లా చేలన్నీ మాడిపోతుంటే, బూర్గంపాడు అడవి అంచున ఒక్క మెట్టవరి చేను మాత్రం పచ్చగా నిలబడి ఉంది.

"దీని గుట్టంతా ఒక మైక్రో ఆర్ఎన్ఏ. నాన్‌కోడింగ్ రకం," అంది పక్క కుర్చీలోని డాక్టర్ పుష్పలత. మిషన్‌కి చీఫ్ జతచేసిన సైంటిస్ట్. అందగత్తె, ఆ సంగతి తనకి బాగా తెలుసు. "తను ఏ ప్రోటీనూ తయారుచెయ్యదు. ఎండ ముదిరితే మాత్రం మిగతా జీన్లకి ఆర్డర్లేస్తుంది. ఎదగడం ఆపు, నీళ్లు దాచుకో అని. వాన పడిందా, మాయం."

"పని చెయ్యదు, పెత్తనం చేస్తుంది. మన హెడ్డాఫీసులాగా," అన్నాడు రవి.

చీఫ్ నవ్వకుండా అసలు సంగతి చెప్పాడు. విదేశీ ముఠా దిగింది. ఆ ఆర్ఎన్ఏ చేజిక్కించుకుంటే పేటెంట్ వాళ్లది. చేను గల ఆదెమ్మ తన తాతల నాటి విత్తనం చల్లుకోవాలన్నా రేపు వాళ్ల అనుమతి అడగాలి.

"శాంపిల్ దొరికితే ఉత్త చేత్తో ముట్టుకోకు," గ్లవ్స్ చూపించింది పుష్పలత. "వేలికంటిన చెమట చాలు. ఆర్ఎన్ఏ ముక్కలైపోతుంది."

రవి బోర్లు వేసే ఏజెంట్ వేషంలో గూడెం చేరాడు. చొక్కా గుండీలో కెమెరా, చెవిలో ఇయర్‌పీస్. పుష్పలత తన జీపునే లాబ్‌గా మార్చుకుని చేను గట్టున మకాం వేసింది. జీపు సీటు కింద రవి ఒక మైక్ అంటించాడు. అనుమానమేం కాదు, వృత్తి అలవాటు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. ఇయర్‌పీస్‌లో పుష్పలత గొంతు వినబడింది. "గోరింటాకు పండింది. వంతెన దగ్గర కారు పెట్టండి."

చీఫ్ ముందే చెప్పిన ముఠా కోడ్ వర్డ్ అది! చీఫ్ నమ్మిన మనిషి, తను నమ్మిన మనిషి. వంతెనకి పోలీసుల్ని పంపమని చీఫ్‌కి కబురు పెట్టి, రవి పరుగున చేను గట్టుకి చేరేసరికి ఆమె ఐస్ బాక్సు జీపులో పెడుతోంది. రెండో చేతిలో పిస్టల్.

"కదలకు రవీ. ఆరు ట్యూబులున్నాయి. ఇరవై నిమిషాల్లో వంతెన మీదుంటాను."

"ఏందమ్మా, పోతున్నవా?"

చేలోంచి ఆదెమ్మ వస్తోంది. పుష్పలత చప్పున పిస్టల్‌ని పైట చాటున దాచింది, గురి మాత్రం రవి మీదే ఉంచింది.

"ఆగవ్వా, దగ్గరికి రాకు!" అరిచాడు రవి.

ఆదెమ్మ ఆగలేదు. "పొద్దుగాల నా చేన్ల ఆకు కోసుడు చూసిన బిడ్డా. కొత్త పంట దేవునికి పెట్టే కొత్తల పండుగ కాకముందు ఆకు మా పొలిమేర దాటొద్దు. దాటిందంటే, ఇత్తనం చల్లిన చెయ్యి దాన్ని తాకి తప్పు మొక్కుకోవాలె. నువ్వు నీళ్లకు పోయినప్పుడు డబ్బ తెరిచిన. ఆకు నూరి నీళ్లు చేసినవ్ గదా. ఆరిట్ల వేలు ముంచి నొసటికి అద్దుకున్న. ఇగ నీకు దోషం లేదు, పో."

పుష్పలత ఒక అడుగు ముందుకేసింది. "వేలు పెట్టావా? ఆరింటిలోనా?"

"అవ్, ఒక్కటి గూడ ఇడ్వలే."

పుష్పలత చూపు ఐస్ బాక్సు మీదికి మళ్లింది. పిస్టల్ కిందికి వాలింది. రవికి ఆ ఒక్క క్షణం చాలు. మణికట్టు మీద దెబ్బ వేశాడు. పిస్టల్ మట్టిలో పడింది. దాని మీద మొదటి చినుకు టప్పుమంది.

చేను మొత్తం తడుస్తుంటే ఆదెమ్మ కొంగు చాపి నిలబడింది. రవికి కళ్లు చెమర్చాయి, వానలో ఎవరికీ కనబడదని తుడుచుకోలేదు. వంతెన దగ్గర కారుని పోలీసులు చుట్టుముట్టారని ఇయర్‌పీస్‌లో కబురొచ్చింది.

రెండు రోజుల తర్వాత చీఫ్ ఫోన్ చేశాడు. "రిపోర్టులో 'వాడిన ఆయుధం' దగ్గర చూపుడు వేలు అని రాశావేంటయ్యా?"

"అవ్ సార్. వేలు ఆదెమ్మది. అది ఆయుధమని నేర్పింది పుష్పలత మేడమే."